రాజభాషయు బీదవాని మొఱయు



మన నల్లగొండ, పాలమూరు పల్లెలలో చదువురాని ముసలివాడు సహితము కొన్ని మాటలను తడుముకొనక పలుకును. దరఖాస్తు, దస్తావేజు, రసీదు, జప్తు, హాజరు, ఫైసలా. ఇవి మన తల్లులు ఉయ్యాల యూపుచు నేర్పిన మాటలు కావు. విత్తనము చల్లునప్పుడును కోత కోయునప్పుడును వీటితో మనకు పని లేదు. కచేరీ గడపయొద్ద నిలిచి, భయపడుచు నేర్చుకొన్న మాటలివి. పారసీయందును అరబ్బీయందును పుట్టి, ఉర్దూ కచేరీ మీదుగా మన గుడిసెలలోనికి వచ్చినవి. ఒక ప్రజ ఎవరి యెదుట చేతులు కట్టుకొని నిలిచెనో తెలియవలెనన్న, దాని నోట మిగిలిన మాటలను వినిన చాలును.

ఈ నెల మీతో కలిసి ఆలోచింపదలచిన ప్రశ్న ఇది. పలు భాషలవారు కలిసి కాపురముండు దేశమునకు ఒక రాజభాష, అనగా ప్రభుత్వము తన పనులకై నియమించుకొను అధికార భాష, ఉండవలెనా? ఉండినయెడల దానిని ఎట్లు నడుపవలెను? ఇది ఢిల్లీలోని పెద్దలు తేల్చుకొను సంగతియని త్రోసివేయకుడి. ఒక దరఖాస్తు వ్రాయించుకొనుటకు ఎన్నడైనను ఇతరుని బతిమాలుకొన్నవానికి ఇది తన సొంత ప్రశ్నయే.

ముందుగా మన గతమును తలంచుకొందము. నిజాము ఏలిన హైదరాబాదు సంస్థానములో ప్రజలు దాదాపు సగము మంది తెలుగువారు, దాదాపు నాలుగవ వంతు మరాఠీవారు. కన్నడమువారును ఉర్దూవారును అంతకంటె తక్కువ. అయినను కచేరీ భాష మొదట పారసీ. 1880 దశాబ్దములో, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, పారసీకి బదులు ఉర్దూ వచ్చెను. మన పాలమూరునకు మహబూబ్‌నగరమను పేరు ఆయననుబట్టి కలిగినదే. అప్పటినుండి 1948 వరకు న్యాయస్థానము ఉర్దూ, భూమి లెక్కలు ఉర్దూ. ఏమి వ్రాసియున్నదో ఎరుగక వ్రేలిముద్ర వేసితిమనియు, తరువాత చేను చేజారినదనియు పెద్దలు చెప్పగా వినని ఇల్లు మన సంఘములలో అరుదు. నేటికిని పాత భూమి తగవు వచ్చినప్పుడు ఆనాటి కాగితములను చదువగలవానిని వెదకుకొనుచు పట్టణమునకు పోవుచున్నాము గదా.

అయితే న్యాయముగా మాటలాడుదము. ఉర్దూ భాషయందు దోషము లేదు. అది మన పొరుగువాని ఇంటి భాష, అతడు తన బిడ్డను పిలుచుకొను భాష. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము, తక్కిన విశ్వవిద్యాలయములు ఇంగ్లీషులో బోధించుచుండగా, వైద్యమును శాస్త్రములను ఉర్దూలో బోధించి, మన దేశ భాష సహితము ఉన్నత విద్యను మోయగలదని చూపినది. అది గొప్ప పని. దోషమంతయు మరియొకచోట నున్నది. ఇంత పెద్ద ఇంటికి తలుపు ఒక్కటే పెట్టి, దాని తాళపుచెవి కొందరికే ఇచ్చిరి. తక్కినవారు బయట నిలువవలసివచ్చెను.

బయట నిలిచినవాని అవమానము ఎట్టిదో ఒక సంగతివలన తెలియును. 1921 నవంబరులో హైదరాబాదు నగరమున, వివేకవర్ధినీ పాఠశాలయొద్ద సంఘ సంస్కార సభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమంతయు పాటుపడిన మహర్షి కార్వేగారు దానికి అధ్యక్షులు. ఇతర భాషలలోని ఉపన్యాసములను సభవారు నెమ్మదిగా వినిరి. ఆలంపల్లి వెంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగులో మాటలాడ మొదలుపెట్టగానే గేలిచేసి, అల్లరిచేసి, ఆయనను మాటలాడనియ్యలేదు. ఆ అవమానమునుండియే మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. అది పెరిగి ఆంధ్ర మహాసభయై, 1931లో మన దేవరకొండలోనే, పాలమూరు జిల్లావారైన బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను రెండవసారి కూడెను. ఆ జిల్లావారే యైన సురవరము ప్రతాపరెడ్డిగారు, తెలంగాణములో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి.

ఇందులో ఒక సంగతిని గమనించుడి. నాడు తెలుగును గేలిచేసినది రాజు సైన్యము కాదు. సంఘములోని చెడుగును దిద్దవలెనని కూడిన సభ అది, వచ్చినవారు చదువుకొన్నవారు. మంచి పనికై వచ్చిన మంచివారు సహితము తమకు రాని భాష వినబడగానే నవ్విరి. ఈ సంగతిని మనస్సునందుంచుకొనుడి. మరల దీనియొద్దకు రావలసియున్నది.

అట్లయిన రాజభాషయే వద్దని చెప్పుదమా? అదియు కుదరదు. తీర్పు ఏదో ఒక భాషలో వ్రాయవలెను. శాసనమునకు పది భాషలలో పది అర్థములు కలిగినయెడల తగవు తీరదు. ఒక జిల్లా కాగితము వేరొక జిల్లాలో చదువబడవలెను. మరియు నియమము లేనిచోట బలవంతుని మాటయే నియమమగును. వ్రాయబడిన నియమమునైతే చూపి అడుగవచ్చును. వ్రాయబడని పెత్తనమును ఏమి చూపి అడుగుదుము? గనుక ప్రభుత్వము తన పనికై ఒకటి రెండు భాషలను నియమించుకొనుట తప్పు కాదు, అవసరమే.

మన రాజ్యాంగ సభవారు ఈ విషయమున చాల దినములు వాదించుకొని, 1949 సెప్టెంబరు 14వ తేదీన ఒక నిర్ణయమునకు వచ్చిరి. కేంద్ర ప్రభుత్వమునకు నాగరి లిపిలోని హిందీ అధికార భాష; 15 ఏండ్లవరకు ఇంగ్లీషు కూడ సాగును; రాష్ట్రములు తమ తమ భాషలను నియమించుకొనవచ్చును. ఆ 15 ఏండ్లు 1965 జనవరిలో ముగియవచ్చినప్పుడు మద్రాసు రాష్ట్రము అగ్నివలె మండెను, ప్రాణములు పోయెను. అప్పుడు పాలకులు పట్టుదల విడిచి, 1963 నాటి చట్టమును 1967లో సవరించి, హిందీతోపాటు ఇంగ్లీషును నిలిపిరి. ఈ ఏర్పాటు ఎవరికిని పూర్తిగా తృప్తినియ్యలేదు. అయినను ఇల్లు నిలిచినది.

పట్టుదల విడువనివారి సంగతి చూడుడి. పాకిస్తాను పాలకులు ఉర్దూ ఒక్కటే రాజభాషయనిరి. ఆ దేశ ప్రజలలో సగమునకంటె ఎక్కువమంది బెంగాలీవారు. 1952 ఫిబ్రవరి 21వ తేదీన ఢాకా నగరములో తమ భాషకై కూడిన విద్యార్థులమీద తుపాకులు పేలెను. తరువాత బెంగాలీకి స్థానమిచ్చిరి గాని గాయము మానలేదు. 1971లో దేశమే రెండుగా చీలెను. సింహళములో 1956లో సింహళ భాష మాత్రమే అధికార భాషయని శాసించిరి. తమిళులు పరాయివారైరి. ఆ పగ పెరిగి, 1983 మొదలుకొని 2009 వరకు ఆ ద్వీపము రక్తముతో తడిసెను. ఇండోనేషియా వారైతే వేరొక త్రోవను నడిచిరి. అక్కడి జాతులన్నిటిలో జావావారే పెద్ద జాతి. అయినను జావా భాషను అందరిమీద మోపక, రేవులలోను సంతలలోను పలువురు వాడుకొను మలయు భాషను తమ కూటమి భాషగా ఎన్నుకొనిరి. పెద్దవాడు కొంచెము వంగెను, చిన్నవాడు నిలువగలిగెను.

ఇక మన ఇంటి సంగతికి వత్తము. 1956 నవంబరు 1వ తేదీన తెలుగువారందరు ఒకే రాష్ట్రముగా కూడిరి. 1966లో తెలుగు అధికార భాషయని చట్టము వచ్చెను. ఇక మన మొఱ మన భాషలో వినబడునని సంతోషించితిమి. వినబడెనా? కొంత వినబడెను, ఆ మేలును మరువరాదు. అయితే పాఠ్యపుస్తకముల తెలుగు, రేడియో తెలుగు, చలనచిత్రములలో నాయకుడు పలుకు తెలుగు మన తెలుగు కాకపోయెను. మన పలుకును సేవకునికిని దుర్మార్గునికిని పెట్టి నవ్వించిరి. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము ఏర్పడుటకు కారణములు అనేకములు గాని, ఈ నొప్పియు వాటిలో నొకటి. ఉన్నత న్యాయస్థానమునకు ఎక్కినవాని గతి వేరు. అక్కడి వ్యవహారము రాజ్యాంగము ప్రకారము ఇంగ్లీషులో సాగును. తన వ్యాజ్యెము గెలిచెనో ఓడెనో బీదవాడు వకీలు ముఖము చూచి తెలిసికొనవలెను.

ఒకే భాషయైనను పలుకుబడి ఎంత పని చేయునో న్యాయాధిపతుల గ్రంథములో చదివియున్నారు. యొర్దాను రేవులయొద్ద గిలాదువారు నిలిచి, దాటవచ్చిన ప్రతివానిని ఒక్క మాట పలుకుమనిరి. షిబ్బోలెతు అనలేక సిబ్బోలెతు అన్నవాడు ఎఫ్రాయీమీయుడని పట్టబడి చంపబడెను. ఆ యుద్ధమున కూలినవారు 42,000 మంది. ఇరు పక్షములవారు ఒకే తండ్రి పిల్లలు, ఒకే భాష మాటలాడువారు. ఒక్క అక్షరము పలుకనేరమి వారికి మరణమైనది. గనుక, మన భాష సింహాసనమెక్కిన చాలును, న్యాయము దానియంతట అదియే వచ్చునని తలంచుట భ్రమ.

ఇప్పుడు చెప్పబోవునది నాకు కష్టమైన సంగతి. కొన్ని ఏండ్ల క్రిందట ఒక పనిమీద ఒక కచేరీకి పోయి వరండాలో కూర్చుండియుంటిని. తండానుండి ఒక లంబాడీ ముసలమ్మ వితంతు పింఛను విషయమై వచ్చెను. గుమాస్తా తెలుగులో గబగబ ఏదో అడిగెను. ఆమెకు సగము తెలిసెను, సగము తెలియలేదు. తన భాషను కొంత, మన భాషను కొంత కలిపి జవాబు చెప్పెను. అతడు ఆమె పలుకును అనుకరించి పలికెను. వరండాలోనివారందరు నవ్విరి. నేనును నవ్వితిని. ఆమె కాగితములను కొంగున ముడివేసికొని, మరి మాటలాడక మెట్లు దిగిపోయెను.

ఇంటికి నడిచిపోవుచుండగా నా తాత జ్ఞాపకమునకు వచ్చెను. ఆయన చిన్ననాడు తన తండ్రితో తహశీలు కచేరీకి పోయి, ఉర్దూ రానందున నవ్వులపాలై తిరిగివచ్చిన కథను మాకు ఎన్నోసార్లు చెప్పెను. చెప్పినప్పుడెల్ల ఆయన కంఠము మారెడిది. ఆ కథ విని పెరిగినవాడనైన నేను నవ్వితిని. గడప అదే, అవమానము అదే. ఈసారి నేను గడపకు లోపలివైపున నుంటిని.

దేవరకొండ, అచ్చంపేట చుట్టుపట్ల ఎన్ని తండాలున్నవో మీకు తెలియును. లంబాడీ మాట తెలుగు జాతిది కాదు. ఉత్తరదేశపు భాషల కుటుంబమునకు చెందినది. దానికి సొంత లిపి లేదు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో మొదట 14 భాషలుండెను, నేడు 22 ఉన్నవి; లంబాడీ వాటిలో లేదు. 2011 జనాభా లెక్కలలో దానిని తమ భాషగా చెప్పినవారు 30 లక్షలకు మించియుండగా, వారిని హిందీ పద్దు క్రింద కలిపి వ్రాసిరి. 2018 చట్టమువలన అనేక తండాలు గ్రామ పంచాయతీలైనవి, మేలే. కాని పంచాయతీ కాగితము తెలుగులో నున్నది, తండా తల్లి మాట వేరొకటి. మక్తల్, నారాయణపేట వైపు కన్నడము మాటలాడువారున్నారు. మన పట్టణములలో ఉర్దూ కుటుంబములున్నవి. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికార భాషగా చేసిరి. అయినను ఉర్దూలో వ్రాసిన అర్జీ పుచ్చుకొన్నచోట దానిని చదువువాడు లేనియెడల, ఆ నియమమువలన లాభమేమి?

ఈ అనుభవములన్నిటినుండి నాకు తోచిన ధర్మము ఒక్కటే. రాజభాష కచేరీని కట్టవలెను, మొఱపెట్టవచ్చినవానిని కట్టకూడదు. అధికారి ఆ భాషలో వ్రాయుగాక, లెక్కలు దానిలో నుంచుగాక. కాని గడపయొద్దకు వచ్చిన మనుష్యుడు తన నోట ఏ మాట వచ్చునో ఆ మాటతోనే రావచ్చును. దానిని తెలిసికొను భారము, దుబాసిని వెదకు భారము, కచేరీది. ఇది నా సొంత మాట కాదు. ఎవడైనను తన బాధను తీర్చుమని దేశములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొనవచ్చునని మన రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. బిడ్డలకు తొలి చదువు తల్లి భాషలో చెప్పుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని 1956లో దాని ప్రక్కనే మరియొకటి చేర్చిరి. కాగితముమీద నియమమున్నది. గడపయొద్ద దానిని నడుపు మనస్సు కొరతగా నున్నది.

ఎస్తేరు గ్రంథములోని అహష్వేరోషు దైవభక్తుడు కాడు, గర్విష్ఠుడైన చక్రవర్తి. హిందూదేశము మొదలుకొని కూషు వరకు 127 సంస్థానములను ఏలెను. అయినను ప్రాణములకు సంబంధించిన తాకీదును పంపవలసినప్పుడు, అతని వ్రాతగాండ్రు ప్రతి సంస్థానమునకు దాని లిపిలోను, ప్రతి జనమునకు దాని భాషలోను వ్రాసిరి. అధికారమేమియు లేని యూదులకు సహితము వారి లిపిలో, వారి భాషలో వ్రాసి పంపిరి. గుఱ్ఱములమీద తాకీదులు పంపిన కాలమున చేయగలిగినది, చేతిలో ఫోను పట్టుకొని తిరుగు కాలమున చేయలేమని ఎట్లు చెప్పుదుము?

ఖర్చు ఎక్కువయని కొందరందురు. నిజమే, ప్రతి భాషలోను ప్రతి కాగితము అచ్చువేయలేము, వేయనక్కరలేదు. తండా బిడ్డ తెలుగు నేర్చుకొనవద్దా యని మరికొందరందురు. నేర్చుకొనవలెను, ఇంగ్లీషును నేర్చుకొనవలెను. నేర్చుకొననియెడల ఉద్యోగము దొరకదు. వానిని తన భాషలోనే బంధించియుంచుట మరియొక అన్యాయము. అయితే నేర్చుకొనుట వేరు, నేర్చుకొనువరకు మొఱ వినకుండుట వేరు. బిడ్డ నేర్చుకొనును. ఈ వయస్సున ఆ ముసలమ్మ ఎప్పుడు నేర్చుకొనవలెను? అంతవరకు ఆమె ఏమి తినవలెను?

భాషలు పలువిధములగుట బాబెలు నాటి శిక్షయని తలంచి, ఒకే భాష వచ్చిన దినమున మనుష్యులు బాగుపడుదురని అనుకొనువారున్నారు. పెంతెకొస్తు దినమును చూడుడి. కూడివచ్చిన వారందరికి ఆ దినమున ఒక క్రొత్త భాష ఇయ్యబడలేదు. ఎవడు పుట్టిన భాషలో వాడు వినెను. నేర్చుకొను కష్టము వినువారిమీద పడలేదు. ఆ తరువాత యెరూషలేము సంఘములో గ్రీకు భాషవారి విధవరాండ్రకు అనుదిన భోజనము సరిగా అందలేదని సణుగు పుట్టెను. హెబ్రీ భాష నేర్చుకొని రండని అపొస్తలులు వారితో అనలేదు. ఆ పనికి ఏడుగురిని ఏర్పరచిరి. ఆ ఏడుగురి పేర్లు, స్తెఫను మొదలుకొని, గ్రీకు పేర్లే. నొచ్చుకొన్నవారి భాష ఎరిగినవారి చేతికే ఆహారపు పని అప్పగించిరి.

మనయొద్దకు వచ్చిన బోధకులును అట్లే చేసిరి. 1890లో నల్లగొండలో పని ప్రారంభించిన అబ్రాహాము ఫ్రీసెను దొరగారు రష్యా దేశమునుండి వచ్చినవారు, జర్మను మాటలాడు జనమువారు, అమెరికా బాప్తిస్తు మిషనుతో కలిసి పనిచేసినవారు. మూడు దేశముల భాషలు వారికి దగ్గరగా నుండినను మనయొద్దకు తెలుగుతో రావలసివచ్చెను. మాల మాదిగ వాడలలో, ఇతరులు ముట్టుటకు వెనుదీసిన మనుష్యుల నోటి మాటను కూర్చుండి నేర్చుకొనిరి. మన భాష నేర్చుకొనదగినదని ఒకడు తలంచినప్పుడు, మనము మనుష్యులమని అతడు ఒప్పుకొన్నట్టాయెను. ఆ గౌరవమును పొందినవారము దానిని మనకంటె వెనుకనున్నవారికి ఇయ్యకపోవచ్చునా?

మన చేతనైన పనులు ఎవ్వియనగా: మీ సంఘములో చదువుకొన్న యువకులు ఇద్దరు ముగ్గురు వారమునకొక సాయంకాలము కూర్చుండి, అడిగినవారికి రూకలు పుచ్చుకొనక అర్జీలు వ్రాసిపెట్టుదురుగాక. లంబాడీ మాటయు తెలుగును ఎరిగిన తండా బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొందురుగాక. తండానుండి ఆరాధనకు వచ్చు సహోదరిని ఆమె భాషలోనే ప్రార్థింపనియ్యుడి. అర్థము కాని ప్రార్థన దేవునికి అర్థము కాకపోదు. బడిలో ఒకని పలుకును చూచి మీ బిడ్డ నవ్వినయెడల, మీ తాతలు నవ్వులపాలైన కథను వానికి చెప్పుడి. మీ కుమారుడుగాని కుమార్తెగాని కచేరీలో ఉద్యోగము చేయుచున్నయెడల, గడప దిగిపోవువారి ముఖములను చూడుమని చెప్పుడి.

ఆ ముసలమ్మను వెదకుకొనుచు మరునాడు తండాకు పోతిని. ఆమెయు నేనును సగము సగము మాటలతోనే మాటలాడుకొంటిమి. అర్జీ వ్రాసి, ఆమె చెప్పినది సరిగా వ్రాసితినో లేదో ఆమె మనుమరాలిచేత లంబాడీలో చదివి వినిపింపజేసితిని. ఆమె రెండు తప్పులు పట్టెను. వాటిని దిద్దిన తరువాతనే వ్రేలిముద్ర వేసెను.

ఆ అర్జీ పైన నేను వ్రాసిన మాట దరఖాస్తు. నా తాతను భయపెట్టిన మాట అది. దానిని ఆమెకు భయము లేని మాటగా చేయవలెనని ఆ దినమున కోరితిని. మీరును మీ ఊరి గడపయొద్ద నిలిచి, లోపలివైపున నున్నారో వెలుపలివైపున నున్నారో చూచుకొనుడి.